మిరప సంచులూ మందు విమానమూ

విమానం చెడిపోయిందనీ, దాన్ని బాగుచేసే మనిషి ఆడపిల్లేననీ, ఆ పిల్ల దాని మీద చెయ్యి కూడా వెయ్యకుండా ఎదురుగా మడతకుర్చీలో కూర్చుందనీ పక్కింటి జానీబీ పిట్టగోడ మీంచి చెప్పిందట. ఆ మాట శివపార్వతి అన్నం వడ్డిస్తూ మొగుడి చెవిన వేసింది. పేరయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

లేవక ఏం చేస్తాడు? ఆ ఏడు పచ్చపురుగు పత్తికాయలన్నిటికీ బొక్కలు పెట్టింది. ఏ మందు కొట్టినా ఒళ్లు విరుచుకుని మళ్లీ మేతకు దిగుతోంది. రైతులంతా కలిసి మందు చల్లే విమానాన్ని పిలిపించి, పర్చూరు పక్క బీడు చదును చేసి దింపారు. ఇవాళ పొద్దువాలి గాలి తగ్గాక పేరయ్య చేను వంతు. తెల్లారితే విమానం పక్క ఊరికి పోతుంది. వంతు తప్పితే పత్తి పురుగులపాలే.

వెళ్లి చూస్తే, విమానం ముక్కు చుట్టూ పువ్వు రేకుల్లా తొమ్మిది సిలిండర్లు. ఆ పిల్ల పేరు నస్రత్, మంగళగిరి మనిషి. వాల్వులు టకటకమంటున్నాయనీ, వాటి సందులు సరిచెయ్యాలనీ, ఇంజను చల్లారితేగానీ కొలవకూడదనీ చెప్పింది. వేడికి ఇనుము సాగుతుందట, అప్పుడు తీసిన కొలత ఉత్తదట. సాయంత్రానికి లేపుతామంది. చెప్పి, పైలట్‌తో కలిసి గుడారంలోకి భోజనానికి పోయింది.

చల్లారడమేగా, అనుకున్నాడు పేరయ్య. తన బోరు దగ్గర ఆయిలింజను వేడెక్కినప్పుడల్లా మెకానిక్ మాబు తడి గోతాలు కప్పేవాడు. మాబును కేకేశాడు.

"ఇది నీళ్లింజను కాదన్నా, గాలికి చల్లారే ఇంజను" అని గొణిగాడు మాబు.

"ఇంజను ఇంజనే గదరా. తే."

కొట్టంలో ఉన్నవన్నీ నిరుడు మిరపకాయలు యార్డుకు తోలిన సంచులు. వాటినే తొట్టిలో ముంచి తెచ్చి తొమ్మిది సిలిండర్లకీ కప్పారు.

బుస్సుమని ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో నిరుటి పంట ఘాటంతా ఉంది. పేరయ్య తుమ్మాడు, మాబు దగ్గాడు, దూరాన మేస్తున్న గేదె తలెగరేసి పరుగెత్తింది. ఏమైందోనని గుడారంలోంచి వచ్చిన పైలట్ సరిగ్గా ఆ పొగలో మొహం పెట్టి, రెండు కళ్లూ మూసుకుని నేలమీద కూలబడ్డాడు.

నస్రత్ కొంగు ముక్కుకు చుట్టుకుని సంచులన్నీ లాగి పారేసింది. అరవలేదు. కాలే ఇనుము మీద నీళ్లు పడితే బీటలు వారొచ్చంది. ఇప్పుడు ఒక్కో సిలిండరూ అద్దం పెట్టి వెతకాలి, తడిసిన వైర్లు ఆరబెట్టాలి, ఆ తర్వాతే సందులు.

ఇక పేరయ్య తప్పు దిద్దుకోను పనిలో దూరాడు. స్విచ్‌లన్నీ కట్టేసి ఆ పిల్ల విమానం ముక్కునుండే పంకా రెక్కను తిప్పమంటే తిప్పాడు, ఆపమంటే ఆపాడు. ఒక్కో సిలిండరులో రెండు వాల్వులూ మూసుకున్న చోట ఆపితే, ఆ పిల్ల సన్నటి ఉక్కు రేకు సందులో దూర్చి, మర బిగించి, మళ్లీ దూర్చి చూసేది. రేకు కాస్త పట్టుకుని జారితే తల ఊపేది. నాలుగోదానికి పేరయ్యకే తెలిసిపోయింది ఎప్పుడు ఊపుతుందో. చేను సంగతి కూడా కాసేపు మర్చిపోయాడు.

అన్నీ బిగించి తిప్పితే ఇంజను ఒక్క పెట్టున అందుకుంది. టకటకల్లేవు. అప్పటికి పొద్దు గుంకి, పత్తిచేలు నల్లగా కలిసిపోయాయి. పైలట్ కళ్లమీద తడిగుడ్డ వేసుకుని మంచంలో పడుకున్నాడు.

పేరయ్య కండువా చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మాయ్, మధ్యాహ్నంనించీ నీతోపాటే ఉన్నా గదా. పొద్దున్నే పోతా పోతా నా చేను మీద ఒక్క చుట్టు కొట్టించు తల్లీ."

మాబు ఇంకా ముక్కు తుడుచుకుంటూనే ఉన్నాడు. నస్రత్ ఉక్కు రేకులు తుడిచి పెట్టెలో సర్దుకుంది.

"రేపటి వంతు వేరేవాళ్లది. మీరు ఇంట్లో కూర్చుని అన్నం తినుంటే ఈపాటికి మీ చేలో మందు పడేది, పేరయ్యగారూ."