శుక్రవారం మూడు గంటల వంతు

జూలై వచ్చి మూడు వారాలైంది. హెల్వి పొద్దున లేవగానే ఎండ తగిలే కిటికీలకు దుప్పట్లు కట్టేది. రాత్రి కప్పుకునే పలచటి గుడ్డను మడిచి ఫ్రీజర్లో బఠాణీల పక్కన పెట్టేది. ఆ తర్వాత మామూలుగానే పొగలు కక్కే కాఫీ కాచేది. ఎండలు మండుతున్నాయని కాఫీ మానేసే మనిషి ఆ చలిదేశపు కుయోపియో ఊళ్ళో ఇంకా పుట్టలేదు. వాళ్ళుండే ఇటుకల మేడ కట్టినవాళ్ళు చలి గురించే ఆలోచించారు. మూడు పొరల అద్దాల కిటికీలు, మందపాటి గోడలు, లోపలికొచ్చిన వేడిని బయటికి పోనిచ్చేవి కావు. పైగా సరస్సు మీది గాలి తడిసిన కంబళిలా ఒంటికి చుట్టుకునేది. ఊళ్ళో ఫ్యాన్లన్నీ అమ్ముడైపోయాయి.

చల్లగా ఉన్నది ఒక్క లెంపి వంటిల్లే. లెంపి కింది అంతస్తులో ఒక్కతే ఉండేది. భర్త ఎస్కో చలికాలంలో పోయాడు. ఆమె వంటింటి పైకప్పు నుంచి చప్పుడు లేకుండా మంచు కురిసేది. ఎండలు ముదిరాక ఆ సంగతి మేడంతా తెలిసింది. నేలమాళిగలో ఆవిరి స్నానాలు చేసే సౌనా గదికి వంతులు రాసుకున్నట్టే, లెంపి వంటింటికీ అరగంట చొప్పున వంతులు రాసి మెట్ల దగ్గర బోర్డుకు అంటించారు. ఎందుకు కురుస్తోంది, ఎప్పట్నుంచి కురుస్తోంది అని ఒక్కరూ అడగలేదు. ఒకరి ఇంటి సంగతి అడగడం అక్కడ మర్యాద కాదు.

హెల్వి మొగుడు టౌనో శుక్రవారం మూడు గంటల వంతు రాసుకున్నాడు. హెల్వి మాత్రం, "ఆవిడ పెట్టే చలి నాకేం అక్కర్లేదు" అంది. అన్నదే గానీ, ఆ రోజు నుంచి ఆమెకు ఉక్క రెట్టింపైంది.

టౌనో పాతికేళ్ళు ఆ మేడ వాకిట్లోనే మంచు ఎత్తిపోశాడు. యంత్రాలొచ్చాక అతని పార నేలమాళిగలో మూల పడింది. ఇప్పుడు శుక్రవారం రాగానే ఆ పార తీసి తుడిచి, తల దువ్వుకుని మరీ దిగేవాడు. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో అతను తనకోసం తల దువ్వుకున్న రోజులు హెల్వి వేళ్ళ మీద లెక్కపెట్టగలదు.

"అక్కడ ఏం మాట్లాడుకుంటారు?" అని అడిగింది ఓ శుక్రవారం, అతను చల్లబడిన చెవులతో తిరిగొచ్చాక.

"ఏముంది మాట్లాడ్డానికి. మంచు ఎత్తిపోస్తాను. ఆవిడ కాఫీ పోస్తుంది."

"ఒట్టి కాఫీయేనా?"

"యాలకుల బన్ను కూడా."

"నా బన్ను కంటే బాగుంటుందా?"

టౌనో ఆలోచించాడు. అంత సేపు ఆలోచించకుండా ఉండాల్సింది. "కాస్త మెత్తగా ఉంటుంది" అన్నాడు.

ఆ వారం హెల్వి బన్నుల పొయ్యి వెలిగించలేదు. ఎండ వంక పెట్టింది గానీ, మండింది కడుపులో.

"ఎడమ భుజం పీకుతోందే" అన్నాడు టౌనో మర్నాడు.

"పరాయి వాళ్ళింట్లో మంచు ఎత్తితే పీకదూ మరి? మనింట్లో దుప్పటి కట్టమంటే నడుం నొప్పి."

మెట్ల మీద ఇరుగుపొరుగు ఎదురుపడకుండా తలుపు రంధ్రంలోంచి చూసి, వాళ్ళు వెళ్ళాకే బయటికి రావడం అక్కడివాళ్ళ అలవాటు. తర్వాతి శుక్రవారం హెల్వి ఆ రంధ్రానికి కన్ను అంటించి మొగుడి కోసం కాపు కాసింది. అరగంట వంతుకి వెళ్ళినవాడు నలభై నిమిషాలకి వచ్చాడు. సౌనా వంతు ఒక్క నిమిషం మీరినా గొణిగే మనిషి అతను. ఆ పది నిమిషాలు హెల్వికి వారమంతా నిద్ర పట్టనివ్వలేదు.

గురువారం మధ్యాహ్నం, టౌనో చొక్కా విప్పేసి బల్ల దగ్గర స్ట్రాబెర్రీల తొడిమలు తుంచుతుంటే, ఆమె చెప్పకుండా కిందికి దిగి లెంపి గంట నొక్కింది. పిలవని ఇంటి గంట నొక్కడం ఆమె జన్మలో అదే మొదలు.

లెంపి ఉన్ని కోటుతో, టోపీతో తలుపు తీసింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"రా హెల్వీ. వంతు రాసుకున్నావా?"

"నా మొగుడి సంగతి తేల్చుకుందామని వచ్చాను."

వంటింట్లో మంచు మోకాలి లోతు ఉంది. పొయ్యి నుంచి వాకిలి దాకా మాత్రం సన్నటి దారి ఉంది. బల్ల మీద రెండు కప్పులు. ఒకదాని నిండా మంచు పేరుకుని ఉంది. హెల్వి ఆ కప్పునే చూసింది.

"ఎప్పట్నుంచి పడుతోంది ఇది?" అంది.

లెంపి ఆమెను వింతగా చూసింది. "ఇన్నాళ్ళకి అడిగావు నువ్వు. జనవరి నుంచి. ఎస్కో అక్కడ కూర్చుని కాఫీ తాగుతున్నాడు. కప్పులో ఒక్క మంచు రవ్వ పడింది. పైకప్పు పాడైందని మేడ ఆఫీసుకి ఫోన్ చేశాను. నేను ఫోన్లో మాట్లాడుతుండగానే ఆయన పక్కకి ఒరిగిపోయాడు."

హెల్వి ఆ కప్పు ముందున్న కుర్చీ మీది మంచు చేత్తో దులిపింది.

"టౌనో దారి చెయ్యకపోతే నేను బయటికే రాలేను. పోయిన వారం చాలా పేరుకుంది, పాపం పది నిమిషాలు ఎక్కువ పట్టింది. మీ ఇల్లు నిప్పుల కొలిమిలా ఉందని చెప్తుంటాడు." లెంపి చేతులు కోటు జేబుల్లో దోపుకుంది. "ఏమనుకోకు, నిన్ను చూస్తే కుళ్ళొస్తుంది నాకు."

హెల్వి మెట్లెక్కి వచ్చేసరికి టౌనో కాఫీ ముందు పెట్టుకుని భుజం రుద్దుకుంటున్నాడు. దుప్పట్లు కట్టిన ఆ వేడి గదిలో, పైకప్పు నుంచి తెల్లటి రవ్వ ఒకటి తీరుబడిగా దిగి అతని కప్పులో పడింది.

"అరె, మనింట్లో కూడానే" అన్నాడు టౌనో, మురిసిపోతూ. "ఇక నేను కిందికి పోనక్కర్లేదు."

హెల్వి అప్పటికే అంబులెన్స్‌కి ఫోన్ చేస్తోంది.

"ఎవరికే? భుజం నొప్పికా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు కదలకు." ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో అతని చెయ్యి పట్టుకుంది. అంబులెన్స్ వాళ్ళు మంచం మోసుకుని వచ్చేలోగా ఇంకో రెండు రవ్వలు పడ్డాయి.

ఆస్పత్రి డాక్టరు ఒక్క మాటే చెప్పింది, ఇంకో అరగంట ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని. సాయంత్రం హెల్వి ఇంటికొచ్చి కుర్చీ ఎక్కి పైకప్పంతా అరచేత్తో తడిమింది. పొడిగా, వెచ్చగా ఉంది. మెడ మీద చెమట కారుతుంటే తుడుచుకోలేదు.

మర్నాడు శుక్రవారం. టౌనో ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. వంతు ఖాళీగా పోనివ్వడం ఆ మేడలో ఎవరికీ తెలియదు. సరిగ్గా మూడింటికి హెల్వి పార పట్టుకుని దిగింది. దారి చేసి, లెంపి మోచెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకొచ్చి, కాఫీ పోసి, ఆ పొద్దున చేసిన బన్ను ముందు పెట్టింది.

లెంపి కొరికి చూసింది. "కాస్త గట్టిగా ఉంది" అంది.

"తెలుసు" అంది హెల్వి.

కాసేపటికి లెంపి టోపీ తీసింది. తర్వాత జనవరి నుంచి ఒంటి మీదే ఉన్న కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది.

"అబ్బ, ఎంత ఉక్కగా ఉందో" అంది.

"ఉండనీ" అంటూ హెల్వి లేచి, తెరిచి ఉన్న ఒక్క కిటికీ కూడా మూసేసింది.