హైమ ఎంచిన కమాన్లు

నేను ఒక ట్రాక్టరు ట్రాలీని. ఆ మంచి కబురు వచ్చేసరికి నా వెనక పలక మీద ఇద్దరు కూర్చుని ఒకే జామకాయ పంచుకుంటున్నారు. ఒకరు మా పెద్దాయన కొడుకు దొరబాబు. రెండోది అతని కొత్త పెళ్ళాం హైమ. మెళ్ళో పసుపుతాడు ఇంకా పచ్చపచ్చగానే ఉంది. ఫోను మోగితే హైమ చెయ్యి కొంగుకి తుడుచుకుని ఎత్తింది. "అవునండీ... అలాగేనండీ... విచ్చిన పూలతోనేనా అండీ? తప్పకుండానండీ!" అంది. ఫోను పెట్టేసి నా మీంచి ఒక్క గెంతు గెంతింది. పుట్టినప్పట్నించీ ఎంతో సరుకు దించాను గానీ అంత తేలిగ్గా నా మీంచి దిగింది మాత్రం ఏదీ లేదు.

"ఏవండీ! రాజమండ్రిలో కొత్త హోటలు తెరుస్తున్నారట. వాకిట్లోంచి మెట్లదాకా మన అడీనియం కుండీలే కావాలట. వచ్చే వారమే!"

దొరబాబు సంబరంగా ఆమె చేతులు పట్టుకున్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు చూశాడు. "విచ్చిన పూలతోనా? ఈ బండి మీదా?"

ఆ చూపు నాకు నచ్చలేదు. నా పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఎవరూ నన్నలా చూడరు.

కడియం దగ్గర ఒక వెల్డింగు షెడ్డులో నేను పుట్టాను. మా పెద్దాయన, ఇటుకల బట్టీ యజమాని సూరన్న గారు కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని మరీ నన్ను చేయించారు. ప్రతి అతుకూ చేత్తో తడిమి చూశారు. "కమాన్లు మాత్రం మందంగా వెయ్యండయ్యా. రేపెవడూ నా బండి కుంగిందనకూడదు" అన్నారు. కమాన్లంటే ఇరుసుకీ నా ఒంటికీ మధ్య విల్లులా వంగి ఉండే ఉక్కుపట్టీల కట్టలు. చక్రం గుంతలో పడితే అవి వంగి, దెబ్బ తాము తిని, పైనున్న సరుకుని కాపాడాలి. నాకు వేసినవి లారీకి సరిపోయేంతటివి. నిలువెత్తు ఇటుకలు పేర్చినా రవ్వంత వంగి మళ్ళీ లేచేవి. వర్షాకాలం బట్టీ ఆగితే రోడ్డు కాంట్రాక్టరు అద్దెకి తీసుకెళ్ళి గ్రావెల్ పోసేవాడు. అప్పుడూ కుంగలేదు. దారిలో మిగతా ట్రాలీలు పక్కకి ఒరిగి మూలుగుతుంటే నేను నిటారుగా వెళ్ళేదాన్ని. గర్వం ఉండేది, ఎందుకు దాచాలి?

తర్వాత ఇంటికి కోడలొచ్చింది. కాలేజీలో మొక్కల చదువు చదువుకొచ్చి, పుట్టింట్లో పెంచుకున్న కుండీలు తెచ్చి బట్టీ పక్కనున్న ఖాళీ నేలలో పెట్టింది. చిన్న ఏనుగు పాదంలా ఉబ్బిన మొదలు, నెత్తిన గులాబీ రంగు పూలు, వాటినే అడీనియం అంటారు. పొద్దున్నే లేచి ఒక్కొక్క మొగ్గనీ పలకరించేది. మొగ్గ విచ్చిందని మొగుణ్ణి పిలిచేది. అతను పళ్ళు తోముకుంటూనే పరిగెత్తుకొచ్చేవాడు. మనుషులు ఇంత చిన్నవాటికి ఇంత పొంగిపోతారని బట్టీలో ఉన్నన్నాళ్ళూ నాకు తెలియదు.

కానీ బట్టీ నుంచి నన్ను ఆమెకిచ్చాక ఆ మొక్కల్ని రెండుసార్లు మోశాను, రెండుసార్లూ మాట వచ్చింది. కుండీలు బీటలు, కొమ్మలు విరుపు, పూలన్నీ నా పలక మీదే. కొన్నవాళ్ళు మొహం మాడ్చుకున్నారు. అందుకే హోటలు కబురు విన్న సూరన్న గారు మెల్లగా అన్నారు: "మంచిదేనమ్మా. ఇదొక్కటీ చూద్దాం. ఈసారీ పూలు రాలిపోతే మాత్రం బండి నా బట్టీకి వచ్చేస్తుంది, ఆ నేల మట్టి తవ్వకానికి వెళ్ళిపోతుంది. అప్పుడు నన్ననుకోకూడదు."

హైమ తలూపింది. మర్నాడు పొద్దున్న మొగ్గల్ని పలకరించలేదు.

దొరబాబు అది చూడలేకపోయాడు. ఆ పూటే ఎవరికీ చెప్పకుండా నన్ను ఊళ్ళో షెడ్డుకి తోలుకెళ్ళి, కమాన్లకి రెండు వైపులా ఇంకో పట్టీ ఎక్కించుకొచ్చాడు. పెళ్ళానికి పట్టుచీర తెచ్చినంత మురిపెంగా, "చూడు హైమా, ఇంకా గట్టి చేయించాను!" అన్నాడు. మనుషులతో ఇదే చిక్కు. పులుసు బాగోకపోతే ఇంకాస్త కారం, మాట చెల్లకపోతే ఇంకాస్త గొంతు. తీసెయ్యడమనేది వాళ్ళకి ఆఖరున తోస్తుంది. అప్పుడు నేనూ అతని పక్షమే. ఇంకో పట్టీ అంటే ఇంకో పతకం అనుకున్నాను.

"అయితే నేనే ఎక్కి చూస్తాను" అంది హైమ. పూలకుండీ ఒళ్ళో పెట్టుకుని నా మధ్యలో కూర్చుంది. దొరబాబు ట్రాక్టరు ఎక్కాడు. కాలవగట్టు మీద బయల్దేరాం. రేవులో బట్టలు ఉతుకుతున్న రాఘవమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏవే హైమా, ఊరేగింపు బానే ఉంది గానీ, పెళ్ళికొడుకు అంత దూరంగా కూర్చున్నాడేవే? అప్పుడే అలకా?"

"ఆయన సారథి అండీ పిన్నీ! నేను సరు..." అంటుండగా గుంత వచ్చింది. మాట సగంలో తెగింది. హైమ ఒక జానెడు పైకి లేచి పడింది. పూలన్నీ ఆమె తల మీద రాలాయి. చేతి గాజు ఒకటి పెరిగింది. కొత్త కోడలి గాజు విరిగిందని మా వైపు ఎవరూ అనరు, పెరిగిందనే అంటారు.

దొరబాబు బ్రేకు వేసి పరిగెత్తుకొచ్చాడు. హైమకి కోపం రావాలి కదా? రాలేదు. తల మీద పూలతోనే కిందకి దిగి, నా కిందకి దూరింది. అక్కణ్ణుంచి గొంతు వినిపించింది.

"ఏవండీ, ఇది వంగట్లేదండీ!"

"వంగకుండానే కదా గట్టి చేయించింది."

"అదేనండీ తప్పు. మన నవారు మంచం మీద మీరు కూర్చుంటే కుంగుతుంది. పిల్లి పడుకుంటే కుంగుతుందా? ఇటుకలు మీలాంటివి. నా కుండీలు పిల్లిపిల్లలు. వాటి బరువు దీనికి తెలియనే తెలియట్లేదు. అందుకే గుంత గుంతంతా పైకి కొడుతోంది."

"ప్రేమకొద్దీ వేయించాను హైమా."

"తెలుసండీ. అందుకే తిట్టట్లేదు." చెంప మీద గ్రీజు మరకతో బయటికొచ్చి నవ్వింది. అతనూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ నేను బలం అనుకున్నది ఈ పిల్ల నోట మొండితనమైపోయింది.

ఇంటికి రాగానే హైమ ఒక కుండీని కాటా మీద పెట్టింది. తర్వాత దానికి కడుపునిండా నీళ్ళు పోసి మళ్ళీ పెట్టింది. తడిసిన మట్టి బరువు వేరు మరి. ఆ లెక్క పట్టుకుని నన్ను రాజమండ్రి ఆటోనగర్‌కి, సత్తార్ గారి కమాన్ల కొట్టుకి తీసుకెళ్ళారు. ఆ కొట్టు చూస్తే నాకు కళ్ళు చెదిరాయి. గోడ పొడుగునా కమాన్లే, ఎర్రరంగువి, నల్లరంగువి. దొరబాబు తిన్నగా వెళ్ళి అన్నిటికంటే లావుదాన్ని ఆప్యాయంగా తడిమాడు.

"బాబూ, అది పదిచక్రాల లారీది. పెళ్ళయిన కొత్తలో అన్నీ పెద్దవే కనిపిస్తాయిలే" అన్నారు సత్తార్ గారు. కొట్లో వాళ్ళందరూ నవ్వారు. దొరబాబు చెవులు ఎర్రబడ్డాయి.

హైమ బరువు చెప్పింది. సత్తార్ గారు నా పాత కమాన్ల పొడవు, పట్టీల వెడల్పు కొలిచి, అదే పొడవున్న రెండు జతలు తెచ్చి పడేశారు. పొడవు తేడా వస్తే అవి నా బ్రాకెట్లలో కూర్చోవు. ఒక జత నాలుగు పట్టీలది, ఇంకొకటి అయిదు పట్టీలది.

"నాలుగువి వేసుకోమ్మా, ఉయ్యాలే అనుకో."

"తడి కుండీలు నిండా పేరిస్తే టైరుకి తగులుతుందేమోనండి?"

ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నారు. "తగలొచ్చు. అయిదే పెట్టు."

"రెండు వైపులా మార్చాలా సత్తార్ గారూ? ఎడమది బానే ఉందిగా?" అన్నాడు దొరబాబు.

"ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు వేసుకుని నడుస్తావా బాబూ?"

నన్ను జాకీతో ఎత్తి, దుంగల మీద నిలబెట్టారు. బ్రాకెట్లలో తుప్పుపట్టిపోయిన బోల్టులు రాక కోసి తీశారు. నా పాత కమాన్లు ఖంగున నేలమీద పడ్డాయి. ఇన్నాళ్ళ నా పొగరంతా అక్కడ రెండు కట్టలుగా పడి ఉంది. పట్టీలు తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే దిమ్మలా అయిపోయాయి. ఏదీ దేనిమీదా జారే వీలు లేదు. అవి కొలిమికి వెళ్ళి కొడవళ్ళవుతాయన్నారు. మంచిదే, కొయ్యడానికి ఆ గట్టిదనం పనికొస్తుంది. కొత్తవాటిని ఎక్కించి, కొత్త బోల్టులతో బిగించారు. దుంగలు తీసి నన్ను దించినప్పుడు ఒళ్ళంతా ఒక్క ఊపు ఊగింది. సిగ్గేసింది. తర్వాత, చెప్పొద్దూ, బాగుంది.

నిన్న సాయంత్రం ఇంటి ముందు పరీక్ష. హైమ తడి కుండీలన్నీ నా మీద పేర్చింది. సూరన్న గారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నా కిందకి వంగి చూశారు. "ఇంత పల్చనివా?" అన్నారు. తర్వాత పంచె ఎగ్గట్టి, కుండీల మధ్య చోటు చేసుకుని కూర్చున్నారు. "పోనివ్వరా. పూలు నేను చూస్తాను."

నేను బయల్దేరాను. అదే కాలవగట్టు, అవే గుంతలు. మొదటి గుంత వచ్చింది. నా కొత్త పట్టీలు ఒకదాని మీద ఒకటి జారి, వంగి, దెబ్బని కిందే మింగేశాయి. పైన పూలు గాలికి ఊగినట్టు ఊగాయంతే. రెండోది, మూడోది. ఇటుకలు మోసినప్పుడు ఎవరూ నా వైపు తిరిగి చూసేవారు కాదు. ఇప్పుడు గట్టు మీద జనం ఆగి చూస్తున్నారు, ఒక పూలతోట నడిచి వెళ్తోంది కదా. నా జన్మలో అంత గర్వంగా ఏ బరువూ మోయలేదు.

తిరిగొచ్చి ఆగాక హైమ పరుగున వచ్చింది. పూలన్నీ కొమ్మల మీదే ఉన్నాయి. కుండీల మధ్య సూరన్న గారు గడ్డం గుండెలకి ఆన్చి సన్నగా గురక పెడుతున్నారు.

"నాన్నా, పూలు చూస్తానన్నావు?" అన్నాడు దొరబాబు.

ఆయన ఉలిక్కిపడి లేచారు. "నిద్ర కాదురా. కళ్ళు మూసుకుని కమాన్ల చప్పుడు వింటున్నా."

"ఏం వినిపించింది మావయ్య గారూ?" అంది హైమ. నేల, బండి, మొగ్గలు, అన్నీ ఆ ప్రశ్నలోనే ఉన్నాయి.

"ఏమీ వినిపించలేదమ్మా." ఆయన నా పక్కపలకని పాత రోజుల్లోలా అరచేత్తో తడిమారు. "బట్టీకి వేరే బండి చూసుకుంటాలే. ఆ నేల నువ్వే ఉంచుకో. ఒరేయ్, రేపు పొద్దున్నే ఆ బోల్టులు ఇంకోసారి బిగించి బండి తియ్యండి. రాజమండ్రిదాకా నేనూ వస్తా. వెనకే కూర్చుంటా, మొక్కల్లో."

ఇంట్లోకి నడవబోయి, గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నారు:

"ఒక తలగడ కూడా వెయ్యమ్మా."