ఒంటి మోత

నేను ఒక ఎస్టీడీ బూత్ ఫోన్‌ను. ఎర్రటి ఒళ్లు, అంకెలు చెరిగిపోయిన మీటలు. ఇప్పుడు పాత సామాన్ల కొట్లో చిల్లుపడిన గిన్నెల మధ్య పడి ఉన్నాను. నన్ను చేసినవాళ్లు నాకు మాటలు మోయడం నేర్పారు గానీ నోరు మాత్రం ఇవ్వలేదు. ఆ ఉక్రోషం నాకింకా చల్లారలేదు.

మెట్‌పల్లి బస్టాండు పక్కన రాజేశం బూత్‌లో ఎనిమిదేళ్లు పనిచేశాను. రాజేశానికి తన చెవి మీద మహా గురి. మన దేశంలో అవతలి ఫోన్ మోగుతుంటే జంట మోత వినిపిస్తుంది. ఒంటి మోత వస్తే ఎంగేజ్. లోకమంతా ఇంతేనని అతని నమ్మకం. ఒంటి మోత చెవిన పడటమే ఆలస్యం, టక్కున కట్ చేసేవాడు.

ఒక శుక్రవారం లసుంబాయి వచ్చింది. ఆమె పెనిమిటి భూమన్న సౌదీలో తాపీ పని చేస్తాడు. “కాంట్రాక్టు అయిపోయింది. శుక్రవారం క్యాంపుకు ఫోన్ చెయ్యి. రమ్మంటే వస్త. నీ మాట రాకుంటే ఉండుమన్నట్టే అనుకొని ఇంకో రెండేండ్లకు సంతకం పెడ్త” అని ఉత్తరం రాశాడు. రమ్మని చెప్పడానికే ఆమె పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

రాజేశం నంబరు కొట్టాడు. పొడుగాటి ఒంటి మోత వచ్చింది. సౌదీలో ఫోన్ మోగితే వినిపించేది అదేనని నాకు తెలుసు. ఏం లాభం?

“ఎంగేజ్ వస్తున్నది చెల్లె” అని కట్ చేశాడు.

“జెర మల్ల కొట్టు రాజేశమన్నా.”

కొట్టాడు, కట్ చేశాడు. అలా ఏడుసార్లు. నాకు ఒళ్లు మండిపోయింది. లసుంబాయి ముఖం వాడిపోయింది. “గంటసేపు గాయిన ఎవ్వలతోని మాట్లాడుతుండో” అంది.

సెలవు మీద సౌదీ నుంచి వచ్చిన యూసుఫ్ తన వంతు కోసం వెనకే నిలబడి ఉన్నాడు. ఎనిమిదోసారి రిసీవర్ అందుకుని విన్నాడు.

“ఎంగేజ్ గాదు అక్కా, ఆడ రింగయితున్నది! సౌదీల గిట్లనే ఉంటది. కట్ జెయ్యకు రాజేశమన్నా!”

యూసుఫ్ రిసీవర్ లసుంబాయికి ఇచ్చాడు. అవతల భూమన్న గదిలో ఉండే మనిషి ఎత్తాడు. “భూమన్ననా? పొద్దటి సంది ఫోనున్న సూపర్‌వైజర్ గది బయటనే నిలవడ్డడు. ఫోన్ ఒక్కపారి మోగుడు, లోపలికి ఉరికేసరికి ఆగుడు. ‘రమ్మందామని చేస్తున్నది, మనసొప్పక కట్ జేస్తున్నది’ అన్నడు. గిప్పుడే సంతకం పెట్టి కొత్త సైటు బస్సెక్కిండు. ఆడ ఫోన్ లేదు.”

లసుంబాయి ఆ మాటలే రాజేశానికి చెప్పి, రిసీవర్ నా మీద పెట్టింది. 

“అన్నా, ఇంకొక్కపారి కలుపు. నేనేం మాట్లాడ. గా మోత వింట, అంతే. పొద్దటి సంది ఆయన దానికే గదా ఉరికింది.”

రాజేశం నంబరు కొట్టాడు. ఈసారి కట్ చేయలేదు.