రెండు గంటల దారి

వెన్యామిన్ అలవాటు ప్రకారం వ్యాను చుట్టూ తిరిగి, టైర్లను ఒక్కొక్కటే కాలితో తన్ని చూశాడు. అది ఇప్పుడు అతని బండి కాదు. తాళాలు జేబులో వేసుకున్న కొత్త యజమాని నవ్వాడు.

"అమ్మేసిన బండిని తన్నడం దేనికి మామా? పోయి విమానం టైర్లు తన్నుకో."

ఇటలీలోని బొలోన్యాలో ముసలివాళ్లకు చాకిరీ చేసే మోల్దోవా ఆడవాళ్లను ఇరవై ఏళ్లుగా వాళ్ల రాజధాని కిషినావుకు చేరవేసిన మనిషి అతను. దాదాపు పద్దెనిమిది వందల కిలోమీటర్ల రోడ్డు, రెండు రాత్రులూ ఒక పగలూ. అక్కడి బండ్లలో కిటికీ వైపుండే ఎడమ చెయ్యి ఎండకు కమిలి, వేరే ఎవరిదో తెచ్చి తగిలించినట్టు ఉంటుంది. బండి ఎందుకు అమ్మేశావని అడిగినవాళ్లకల్లా నడుము నొప్పి అని చెప్పాడు. అసలు సంగతి అది కాదు. పోయిన చలికాలం హంగరీలో, వెనక జనమంతా నిద్రపోతుండగా అతని కళ్లు మూతపడ్డాయి. చక్రం రోడ్డు దిగి కంకర మీద గడగడలాడితే గాని తెలివి రాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా అప్పటినుంచి అతనికి మంచం మీద కూడా సరైన నిద్ర లేదు. ఎవరైనా కనిపెట్టారేమోనని ఆ ఆడవాళ్ల మొహాల్లోకి చూడడమే మానేశాడు.

కిషినావు విమానంలో పక్క సీటు ఆగాఫియాకు వచ్చింది. అతని బండి ఎక్కినవాళ్లలో ఆవిడంత నోరున్న మనిషి లేదు. నా ఖర్మ అనుకున్నాడు.

"మొదటిసారా అన్నా?"

"ఊఁ. ఎంతసేపు పడుతుంది?"

"రెండు గంటలు. నీ బండిలో అయితే అంతసేపట్లో మొదటి కాఫీకి కూడా ఆపవు."

విమానం పైకి లేచింది. అతను బెల్టు బిగించుకుని, రెప్ప వెయ్యకుండా పైలటు గది తలుపు వైపే చూస్తున్నాడు.

"కాస్త కునుకు తియ్యరాదూ?"

"బండిలో నేను పడుకోను."

ఆమె గొంతు తగ్గించింది. "పడుకున్నావుగా, హంగరీలో."

అతని మొహం పాలిపోయింది.

"అప్పుడు నేను మెలకువగానే ఉన్నా. హీటరు చాలట్లేదని తెల్లారేదాకా నీతో తగవు ఎందుకు పెట్టుకున్నాననుకున్నావు? దవడలు నొప్పెట్టాయి నాకు."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పి ఏం చేసుకోను? ఇన్నేళ్లూ మా కోసం నిద్ర కాచావు. ఇక పడుకో. ఇక్కడ నీకేం పని లేదు."

ఎన్ని నెలలుగానో గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. ఏదో అనబోయాడు గాని మాట పూర్తి కాకుండానే తల ఆమె భుజం మీద వాలింది. హంగరీ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటిందో అతనికి తెలియదు.

పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడి లేచాడు. కుడికాలు ముందు సీటు కింద బ్రేకు కోసం వెతుకుతోంది.

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"ఎవరికీ ఏమీ కాలేదన్నా. దిగాం. పైలటుకు చప్పట్లు కొడుతున్నారు."

"రెండు గంటలకేనా? నాకెప్పుడూ కొట్టలేదే."

"నీ బండి దిగాక మాకు చేతులు లేచేవా?" అంటూనే ఆమె అతని వైపు తిరిగి, మొహం మీదే చప్పట్లు కొట్టింది. వెన్యామిన్‌కు నవ్వూ కళ్లనీళ్లూ కలిసే వచ్చాయి. ఎన్నాళ్ల తర్వాతో కంటినిండా నిద్రపోయిన మనిషి ఒళ్లు విరుచుకుని లేచి, ఆమె సంచి అందుకుని, జనంలో కలిసి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

దారిలో నిద్ర రాకుండా నమలడానికని పొద్దున కొనుక్కున్న పొద్దుతిరుగుడు గింజల పొట్లం, చింపకుండానే, ముందు సీటు వెనకుండే జేబులో ఉండిపోయింది.