పొట్ట మీది గీతలు

పొద్దున్నే డాక్టరమ్మ నల్లపెన్నుతో నా పొట్ట మీద గీతలు గీసింది. బట్టలు కుట్టి బతుకుతున్నదాన్ని, సుద్దతో ఎన్ని గుడ్డల మీద గీశానో నాకే తెలియదు. నా ఒంటి మీద ఇంకొకరు గీస్తుంటే మాత్రం చూడలేక కళ్ళు మూసుకున్నాను.

ఎడమ రొమ్ము ఎలాగూ తీసేస్తారు. దానికోసం ఏడవాల్సినంతా ఏడ్చేశాను. కొత్తది ఇప్పుడే పెడతారా, తర్వాతా అన్నదే తేలలేదు.

"చంకలో గ్రంథులు తీసి, మీరు మత్తులో ఉండగానే పరీక్ష చేయిస్తాం," అంది డాక్టరమ్మ. "జబ్బు అక్కడికి పాకకపోతే, పొట్ట దగ్గరి చర్మం, కొవ్వు తీసి ఇప్పుడే రొమ్ము చేసేస్తాం. పాకితే రేడియేషన్ ఇవ్వాల్సి వస్తుంది. దాని దెబ్బకు కొత్తది గట్టిపడి ముడుచుకుపోవచ్చు. అందుకని అప్పుడు పొట్ట జోలికి పోం. అన్నీ అయ్యాక వచ్చే ఏడాది చూద్దాం."

అంటే మెలకువ వచ్చాక నాకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుంటే తెలిసిపోతుంది.

"మంచిదే కదే, పనిలో పనిగా పొట్ట కూడా తగ్గుతుంది. చాలకపోతే నాది తీసుకోమను," అంది వదిన, మా అన్న భార్య. నవ్వబోయాను. రాలేదు.

మెలకువ వచ్చేసరికి ఛాతీ మీద బండ పెట్టినట్టుంది. వదిన పక్కనే కూర్చుని ఉంది. ఆమె మొహంలో ఏదీ దాగదు, అందుకే అటు చూడలేదు. కుడిచెయ్యి దుప్పటి కింద, పొట్టకు జానెడు దూరంలో ఉంది. కదపడానికి ధైర్యం చాల్లేదు. తెలియనంతసేపూ బాగున్నట్టే కదా!

"నొప్పిగా ఉందామ్మా?" అంది వదిన. ఇన్నేళ్ళలో నాతో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు.

చెయ్యి జరిపాను. కట్టు తగల్లేదు. ఎప్పటి పొట్టే, వెచ్చగా ఉంది. చెక్కుచెదరని ఒంటిని తాకి అంతగా భయపడతానని ఎన్నడూ అనుకోలేదు. చచ్చిపోతానేమో అన్న మాట మొదటిసారి మనసులోకి వచ్చి కూర్చుంది.

నర్సు తడిగుడ్డతో వచ్చింది. "గీతలు తుడిచేస్తానమ్మా."

దుప్పటి గట్టిగా పట్టుకున్నాను. సుద్దతో గీసి కత్తిరించని గుడ్డను నా కొట్లో ఎప్పుడూ దులపను. గుడ్డ ఇచ్చిన మనిషి మళ్ళీ వస్తుందని అలాగే మడతపెట్టి దాస్తాను.

"ముట్టుకోవద్దు," అన్నాను. "వచ్చే ఏడాది కావాలి."

నర్సు వదిన వైపు చూసింది. వదిన లేచి, ఆ తడిగుడ్డ ఆమె చేతిలోంచి లాక్కుంది.