బాతు అడుగున సబ్బు

టింకరింగ్ మేస్త్రీ కారు వెనక సీటు ఊడదీసి, కింద పరిచిన రబ్బరు షీటు ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో ఇలా పొడిచాడో లేదో, అది అడుగు దాటి నేల మీదకి దిగిపోయింది. గడ్డ పెరుగులో గరిటె దిగినట్టు. అతను తల బయటపెట్టి, "అమ్మగారూ, ఇన్నాళ్ళూ మీరు కారులో తిరగలేదు. రంగు మీద తిరిగారు" అన్నాడు.

నా కోడలు కిసుక్కున నవ్వింది. నేను మాత్రం వంగి ఆ కన్నంలోంచి కిందికి చూశాను.

ఆ కారుని మేం బాతు అంటాం. పేరు పెట్టింది నేనే. వెడల్పాటి వెనక భాగం, పైకెత్తిన ముక్కు, మలుపు తిరిగితే అటూ ఇటూ ఊగడం, అన్నీ బాతువే. పైగా దాని ఒళ్ళు ఎప్పుడూ తడే. ఆ తడి సంగతి చెప్పాలంటే మా పని గురించి చెప్పాలి.

మాది లాండ్రీ. హోటళ్ళవాళ్ళ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు తెచ్చి ఉతికి, ఇస్త్రీ చేసి పంపుతాం. ఉతికే గది ఇరుకు సందులో ఉంది. అక్కడ ఎండన్నది పడదు. అందుకని ఊరికి ఆ చివర ఒక గోదాము డాబా అద్దెకి తీసుకుని అక్కడ ఆరేస్తాం. పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆయనా పిండిన దుప్పట్లని తోపుడు బండి మీద తోసుకుంటూ పోయేవాళ్ళం. ఎవడో పక్కనించి బురద చిమ్ముకుంటూ పోయేవాడు, అంతే, బండి వెనక్కి తిప్పి మళ్ళీ తొట్టి దగ్గరికి. ఒకే మూటని రెండేసి సార్లు ఉతికిన రోజులున్నాయి.

అప్పుడు కొన్నారు మా ఆయన ఈ కారు. అప్పటికే అది ఇద్దరి చేతులు మారి వచ్చింది. ఆయనకి బండి నడపడం అంతంతమాత్రం. గేరు మార్చేటప్పుడు నాలిక కొంచెం బయటపెట్టేవారు. "లోపల పెట్టుకోండి, కుదుపుకి తెగిపోగలదు" అంటే, "నువ్వు మాట్లాడకు, గేరు మర్చిపోతాను" అనేవారు. పొద్దున పోయేటప్పుడు వెనకంతా తడి దుప్పట్లు. నీళ్ళు కారుతూ, చల్లగా, కారు బరువుకి కుంగిపోయి. సాయంత్రం వచ్చేటప్పుడు అవే దుప్పట్లు, ఎండకి కాగి, అప్పడాల్లా పెళపెళలాడుతూ. మా అబ్బాయి వాటి మధ్య దూరి నిద్రపోయేవాడు. ఇంటికొచ్చాక ఏ మూటలో ఉన్నాడో వెతుక్కోవాల్సి వచ్చేది. ఒకసారి కాలు పట్టి లాగితే దిండు గలీబు వచ్చింది.

ఆయన పోయాక వ్యాన్ కొన్నాం. బాతు షెడ్డులో నిలబడిపోయింది. ఇప్పుడు ఆ షెడ్డు మా కోడలికి కావాలి. బట్టలు పిండి ఆరబెట్టే యంత్రం కొని అక్కడ పెడదామని తన ఆశ. దానికోసం తనూ నేనూ కలిసి డబ్బు వేస్తూ వచ్చాం. యంత్రం వస్తే డాబా బాధ ఉండదు, మబ్బు పడితే పరుగులుండవు. తప్పేముంది అందులో. కానీ యంత్రం లోపలికి రావాలంటే బాతు బయటికి పోవాలి. పాత ఇనుముకి కొనేవాడు ఒకడు వచ్చి చూసి కూడా వెళ్ళాడు. బేరం పెట్టేముందు దాన్ని బాగుచెయ్యడానికి ఎంతవుతుందో ఒక్కసారి అడుగుదామని నేనే పట్టుబట్టి మేస్త్రీని పిలిపించాను.

"ఎంతవుతుందో చెప్పు బాబూ" అంది కోడలు.

"చేసే తీరుని బట్టమ్మా. పైన రేకు ముక్క అతికి, లప్పం పెట్టి, రంగు కొట్టమంటే రేపు సాయంత్రానికి ఇచ్చేస్తా. వానలు పడగానే మళ్ళీ నా దగ్గరికే వస్తారు. నాకూ బాగుంటుంది."

"రెండోది చెప్పు."

"రెండోది ఇది." చిన్న సుత్తి తీసి డ్రైవరు సీటు కింద తట్టాడు. ఖంగుమంది. వెనక తట్టాడు. అట్టపెట్టెని తట్టినట్టు డబ్ మంది. "ఈ డబ్ అన్నదంతా కోసి పారెయ్యాలి. ఖంగుమనే చోటు తగిలేదాకా కోస్తూ పోవాలి. అక్కణ్ణించి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యాలి."

దానికయ్యే డబ్బెంతో చెప్పాడు. కోడలు ముక్కు మీద వేలేసుకుంది. "ఆ డబ్బుకి ఇలాంటి కారు ఇంకోటి వస్తుంది. పెట్రోలు పోసి మరీ ఇస్తారు" అంది.

"రేకు అంత ఖరీదా నాయనా?" అన్నాను నేను.

"రేకు చౌకేనమ్మా. వెతుకులాటకే ఖర్చు. సీట్లు విప్పాలి, వైర్లు తప్పించాలి, పెట్రోలు ట్యాంకు దించాలి. తుప్పు నేనిక్కడిదాకా ఉన్నానని బోర్డు పెట్టుకుని కూర్చోదు కదా."

అంటూనే అడుగున ఒక మూల దేన్నో గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ వాసన చూశాడు. "అమ్మగారూ, ఇది సబ్బా?"

సబ్బే. నాకు అప్పుడు నవ్వొచ్చింది.

కారు అడుగున నీళ్ళు పోవడానికి బెజ్జాలుంటాయి. కొన్న కొత్తలో మాకా సంగతి తెలియదు. పోయేటప్పుడు ఆ బెజ్జాల్లోంచి రోడ్డు మీది బురద పైకి చిమ్మేది. అడుగున ఉన్న దుప్పట్ల మీద నల్లటి మచ్చలు పడేవి. ఒక హోటల్ మేనేజరు మూట మూటంతా తిరగ్గొట్టాడు. మా ఆయన ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. మర్నాడు బట్టల సబ్బు తురిమి, కొవ్వొత్తి కరిగించి అందులో కలిపి, పిసికి ఉండలు చేసి, ఒక్కో బెజ్జంలో కూరి బొటనవేలితో నొక్కారు. దాని మీద రబ్బరు షీటు పరిచారు. చేతులు దులుపుకుని, "ఇహ రోడ్డు రోడ్డు మీదే ఉంటుంది" అన్నారు. ఉంది కూడా. ఆ తర్వాత మా దుప్పటి మీద మచ్చ పడ్డట్టు ఎవరూ అనలేదు. ఏటా ఆ ఉండలు మార్చడం ఆయనకో పని. కారెక్కితే సబ్బు వాసన వచ్చేది. ఇంకొకళ్ళ కార్లు పెట్రోలు కంపు కొడితే మాది స్నానం చేసొచ్చిన పిల్లలా ఉండేది.

మేస్త్రీ అంతా విని తలాడించాడు. "కిందనేమో నీళ్ళు పోయే దారులన్నీ మూసేశారు. పైనేమో మూత వేశారు. మధ్యలో తడి దుప్పట్లు. మీవారు నడిపింది కారు కాదమ్మా, గంగాళం."

అతను పోయాక కోడలు, నేను గుమ్మంలో కూర్చుని టీ తాగాం. తను గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. పిండి పిండి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది. నా చేతులూ ఒకప్పుడు అంతే.

"అత్తయ్యా, మీ వాటా మీది. మీరు దానికే పెడతానంటే నేను కాదనను" అంది. "యంత్రం వచ్చే ఏడు కొనుక్కుందాం. ఇన్నాళ్ళు పిండాను, ఇంకో ఏడు పిండలేనా. కానీ ఒక్క మాట."

"చెప్పు."

"నా చోటు తినే బాతు పని కూడా చెయ్యాలి. దాన్ని తుడిచి, ముద్దుచేసి, కప్పెట్టుకుని కూర్చుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను."

"చేస్తుందిలే. దానికి పని కొత్తా?"

మా అబ్బాయిని ఏమంటావురా అని అడిగితే వేడెక్కిన ఇస్త్రీ పెట్టె మీద నీళ్ళు చిలకరించాడు. చుయ్‌మంది. పెళ్ళాం ఒకవైపు, తల్లి ఒకవైపు ఉంటే వాడి జవాబు ఎప్పుడూ అదే.

సరే, ఇచ్చేశాను డబ్బు. ఇచ్చొచ్చాక రాత్రి నిద్ర పట్టలేదు. యంత్రం వస్తే ఆ పిల్ల చేతులు తెరిపిన పడేవి కదా అని ఒకటే పీకుడు. మళ్ళీ గేరు కడ్డీ మీది ఉండ గుర్తొచ్చేది. అది ఆయన అరచేతికి అరిగి అరిగి ఒక పక్కకి వాలి ఉంటుంది. దాన్ని ఇనుము కొట్టువాడి చేతిలో ఎలా పెట్టను.

పని జరుగుతుంటే ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. కోసేసిన అడుగు రేకుని గోడకి చేరేశాడు మేస్త్రీ. జల్లెడే. అవతల నిలబడ్డవాడి చొక్కా రంగు ఇవతలికి కనిపిస్తోంది. దాని మీద కూర్చునే మేం బతికాం.

బాతు తిరిగొచ్చింది. అడుగు కొత్త రేకు, బూడిదరంగు. బెజ్జాలకి బుల్లి రబ్బరు బిరడాలు. "నీళ్ళు పడితే బిరడాలు తీసెయ్యండి. అసలు పడనివ్వకపోతే మరీ మంచిది" అన్నాడు మేస్త్రీ. నేను తలుపు తీసి వాసన చూశాను. రంగు వాసన. సబ్బు పోయింది. అంత డబ్బు పోసి ఆ వాసన్ని కోయించి పారేయించుకున్నానని అప్పుడు తెలిసింది.

అయినా రోజూ పొడిగుడ్డ పెట్టి తుడిచేదాన్ని. కోడలు చూసేది. తను వ్యాన్‌లో పోయి వ్యాన్‌లో వచ్చేది.

ఒక పొద్దున వ్యాన్ కదలనని మొండికేసింది. ఎండ బాగా కాస్తోంది గానీ ఓ పక్క మబ్బు లేస్తోంది. ఆ పూట దుప్పట్లు ఆరకపోతే సాయంత్రం హోటల్‌కి ముఖం చూపించలేం. కోడలు తడి మూట నడుముకి ఆనించుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది. కారు వైపు చూసింది, నా వైపు చూసింది.

"బాడుగ బండి పిలుస్తాలెండి" అంది.

పిలువమ్మా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. నిజం. మెరుస్తున్న ఆ అడుగు మీద కొత్త గీత కూడా లేదు. తన మోచేతి నుంచి నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మడుగు కడుతోంది. ఒప్పందం మాట ఎత్తకుండా మూటని రెండో పక్కకి మార్చుకుంది.

"ఎక్కించు" అన్నాను.

"రంగు పూర్తిగా ఆరిందో లేదో అత్తయ్యా."

"అది ఆరింది. నువ్వే తడిసి ముద్దయ్యావు. ఎక్కించు."

తను మూట దించి మూలనున్న పాత రబ్బరు షీటు అందుకోబోయింది. "అది వద్దు" అని, నేను వంగి బిరడాలు ఒక్కొక్కటే లాగి కొంగున ముడేసుకున్నాను.

"మరి బురద చిమ్మితే?"

లోపలికి వెళ్ళి చిరిగిన పాత దుప్పటి ఒకటి తెచ్చి నాలుగు మడతలు పెట్టి అడుగున పరిచాను. "చిమ్మితే దీని మీద చిమ్ముతుంది. వచ్చాక దీన్ని ఉతుకుదాం. ఉతకడం మనకి రాదా ఏమిటి."

కోడలు నడుము మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది. "ఇంత చిన్న ఉపాయం మావయ్యగారికి తట్టలేదా?"

"తట్టినా ఏం చేస్తారు. అప్పుడు మా దగ్గర పాత దుప్పట్లెక్కడివి? ఉన్నవన్నీ హోటల్‌వాళ్ళవే."

తను దించిన మూట మళ్ళీ ఎత్తింది. మూటలన్నీ ఎక్కించింది. బాతు వెనక్కి కుంగింది, పూర్వంలాగే. నేను ముందు సీట్లో కూర్చున్నాను. తను వాలిపోయిన గేరు ఉండతో కుస్తీ పట్టి, "ఇదేంటత్తయ్యా, ఇంకొకళ్ళ చెప్పులేసుకున్నట్టుంది" అంది. అలవాటవుతుందిలే అన్నాను.

సందు దాటి పెద్ద రోడ్డెక్కాం. మలుపులో బాతు అటూ ఇటూ ఊగింది. నేను తల బయటపెట్టి వెనక్కి చూశాను. మేం వచ్చిన దారంతా రోడ్డు మీద నీళ్ళు సన్నటి గీతల్లా పడి ఉన్నాయి. రోడ్డెక్కిన చోట పడ్డది ఎండకి అప్పుడే ఆరిపోతోంది.

"ఏమిటలా చూస్తున్నారు, ఏమైనా పడిపోయిందా?" అంది కోడలు.

"నీళ్ళు పోతున్నాయి" అన్నాను. "పోనీ. నువ్వు ముందు చూసి నడుపు."