చేప చల్లారే దాకా

గ్లవ్ ఊడదీస్తుంటే హసింతా అరచేతి చర్మం కూడా దాంతోపాటే వచ్చింది. ఉడికిన చేప తోలు వచ్చినట్టు మెత్తగా వచ్చింది. హసింతా బల్ల అంచు పట్టుకోబోయి, పట్టుకోలేక, మోచెయ్యి ఆనించి నిలబడింది.

కలిస్తో అప్పుడే ఇంకో బండి తోసుకొచ్చాడు. ఇనప అరల బండి. అరల నిండా ఉడికిన ట్యూనా చేపలు. పొగలు ఇంకా పోలేదు. ఆ చేపల ఫ్యాక్టరీలో ఆవిరి పొయ్యిల నుంచి చల్లగదికి, చల్లగది నుంచి ఆడవాళ్ళ బల్లలకి బండ్లు తొయ్యడం అతని పని. జుట్టు నెరిసేదాకా అదే పని. ఈ బండీ తనే తెచ్చాడు. హసింతా చెయ్యి కాల్చిన బండీ తనే తెచ్చాడు.

మేస్త్రి వెల్లింగ్టన్ వచ్చాడు. చెయ్యి చూశాడు. గోడ గడియారం చూశాడు.

"ఐసు నీళ్ళలో పెట్టుకుని రా. గుడ్డ చుట్టుకుని రెండో చేత్తో కానీ."

"రెండోది మాత్రం బాగుందనుకున్నావా మేస్త్రీ?" అంది పక్కనున్న తోమాసా. ఆ వరసలో అందరికంటే పెద్దది తోమాసా. హరమిహో ఊరి నుంచి వచ్చే బస్సులో డ్రైవరు వెనక సీటు ఆమెది. అక్కడ ఇంకొకళ్ళు కూచోరు.

"నీ పని నువ్వు చూసుకో అక్కా."

"నా పనే చూస్తున్నా. ఇవాళ దాని చెయ్యి, రేపు నాది."

"చెయ్యి కాలితే పైకి చెప్పుకోండి. లెక్క నేను వెయ్యలేదు. కలిస్తో, బండి ఖాళీ చెయ్. లోపల ఇంకోటి రెడీగా ఉంది."

కలిస్తో బండి తిప్పుకుని వెళ్ళాడు. అతనికి మాటలు తక్కువ. కాని ఆ రోజు బండి చక్రాల చప్పుడు అతని చెవిలో వేరుగా మోగింది.

పోయిన నెల దాకా ఇట్లా లేదు. పొద్దున ఉడికిన చేప మధ్యాహ్నం తిండి అయ్యాక గాని బల్ల ఎక్కేది కాదు. అంతసేపూ చల్లగదిలో నీటి తుంపర కింద ఉండేది. ఆడవాళ్ళు చేతి వెనక వైపు ఆనించి చూసి, చల్లగా తగిలితే అప్పుడు కత్తి పెట్టేవాళ్ళు. తోలు, ముల్లు, నల్ల కండ తీసి తెల్ల కండ పక్కన పేర్చేవాళ్ళు. ఇప్పుడు బండి తుంపర కింద పెట్టీ పెట్టగానే తియ్యమంటున్నారు. రబ్బరు గ్లవ్‌లో వేడి చేరితే మళ్ళీ బయటికి పోదు. లోపలే ఉడుకుతుంది చెయ్యి.

మధ్యాహ్నం తిండి దగ్గర ఒకటే గోల. అరటికాయ ముద్దలు చేతుల్లోనే ఉన్నాయి, ఎవరూ నోట్లో పెట్టుకోవడం లేదు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకమే మనం. మొదటి రోజే అనాల్సింది."

"అన్నాం కదే. వెల్లింగ్టన్ ఏమన్నాడు? ప్లాను ప్రకారం అన్నాడు."

"ఆ ప్లాను వేసినోణ్ణే రమ్మనండి మరి. మొహం చూద్దాం."

తోమాసా లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే ఆఫీసు మెట్లెక్కింది. ఆమె వెనక ఇరవై మంది. వాళ్ళ వెనక, ఎందుకు కదిలాడో తనకే తెలియకుండా, కలిస్తో.

ప్లాను వేసిన ఇంజనీరు ఇబర్రా దాక్కోలేదు. గ్వాయాకిల్ పట్నంలో చదువుకొచ్చిన మనిషి, ముప్పై దాటలేదు. అడిగితే ఉత్సాహంగానే కిందికి దిగొచ్చాడు. తిండి గది గోడకున్న బోర్డు తుడిచి సుద్దముక్క తీసుకున్నాడు. చెబితే అర్థం చేసుకుంటారని నిజంగానే నమ్మాడు. అటువంటి నమ్మకం ఉన్నవాడితో గొడవ పడటం కష్టం.

"మనం రెండు రకాలు చేస్తాం. ఇక్కడ అమ్మే డబ్బాలు, పైదేశాలకు వెళ్ళే సంచులు. ఏది ఎంత చెయ్యాలి? అదీ ప్రశ్న." అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాడు. "ఇటు డబ్బాలు, అటు సంచులు. ఆవిరి పొయ్యిలు ఇంతకు మించి ఉడికించలేవు. అదొక గీత. చల్లగదిలో ఇంతకు మించి బండ్లు పట్టవు. ఇంకో గీత. మీ బల్లలు ఇంతకు మించి శుభ్రం చెయ్యలేవు. సీలు యంత్రాలు ఇంతకు మించి మూయలేవు. ఈ గీతలన్నిటి లోపల మిగిలిన చోటుందే, అదే మన ఫ్యాక్టరీ శక్తి. దాని బయటికి పోలేం. లాభం ఎప్పుడూ ఈ చోటు మధ్యలో ఉండదు. ఏదో ఒక మూలలో ఉంటుంది. ఆ మూలని కంప్యూటరు వెతికి పెడుతుంది. లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు దీన్ని."

"బాగుంది బాబూ. మాకు దొరికిన మూల ఎక్కడ?" అంది తోమాసా.

ఇబర్రా సుద్దముక్కతో ఒక చుక్క పెట్టాడు. "ఇదిగో. ఈ మూలకి రెండే గీతలు ఆనుకున్నాయి. చల్లగది ఒకటి, మీ బల్లలు ఒకటి. పొయ్యిలు, సీలు యంత్రాలు వదులుగానే ఉన్నాయి, అవి ఇంకా చెయ్యగలవు. ఇంతకు ముందు చల్లగది గీత బాగా లోపలికి ఉండేది. కొత్త గది కట్టాలంటే మాటలా? చల్లార్చే టైం బాగా తగ్గించాం, అదే గదిలో ఎక్కువ బండ్లు తిరుగుతాయి. గీత బయటికి జరిగింది. ఇప్పుడు చోటు ఎక్కడా వృథా లేదు. పచ్చి చేప ఉంచే ఐసు గది నిండుగా, చల్లగది నిండుగా, మీ బల్లలు నిండుగా."

"చేతులు కాలడం ఏ గీత?"

ఇబర్రా బోర్డు వైపు చూశాడు, వెతుకుతున్నట్టు. "అది ఇందులో లేదమ్మా."

"ఎందుకు లేదు?"

"ఎవరూ కొలిచి ఇవ్వలేదు. కొలవనిది లెక్కలోకి రాదు."

"మరి మా బల్లల గీత ఎవరు కొలిచిచ్చారు?" హసింతా అడిగింది. రెండు చేతులకీ గుడ్డలు. గోడకానుకుని నిలబడింది.

"నేనే కొలిచాను. జూన్ చివర్లో వచ్చాను కదా, పొద్దున్నుంచి మీ మధ్యే నిలబడ్డాను. రోజూ ఇంతేనా అని అడిగాను కూడా."

అందరికీ ఆ రోజు గుర్తొచ్చింది. అది జాలర్ల స్వామి సాన్ పెద్రో పండగ ముందు రోజు. సాయంత్రానికి పడవలకి జెండాలు కట్టాలి, స్వామిని సముద్రంలోకి తీసుకెళ్ళాలి. ఆ ఒక్క రోజు పని ముగిస్తే చాలు, మధ్యాహ్నానికే ఇంటికి పోనిస్తారు. అమ్మమ్మల కాలం నుంచీ అంతే. ఆ రోజు ఎవరూ మాట్లాడరు, ఎవరూ బయటికి పోరు, కత్తి నూరడానికి కూడా లేవరు. చురుకైన పిల్లలు ముసలాళ్ళ చేపలు కూడా లాక్కుని చేసేస్తారు. ఆ మధ్యలో ఈ అబ్బాయి వచ్చి అడిగితే తోమాసా ఏమందో, పక్కనున్నవాళ్ళు ఎంత నవ్వారో, అదీ గుర్తొచ్చింది.

'నిద్రలో చేస్తాం బాబూ ఈ పని.'

తోమాసా మొహం కందిపోయింది. "అది పండగ పరుగు నాయనా. పండగ పరుగు ఏడాదికోసారి పరిగెత్తుతారు."

"నాకు తెలియదు. తెలిస్తే ఇంకో రోజు వచ్చేవాణ్ణి."

"ఇప్పుడు తెలిసింది కదా. మార్చు."

ఇబర్రా సుద్దముక్క కింద పెట్టాడు. "ఆర్డర్లు ఒప్పేసుకున్నారు. ఓడలో చోటు కూడా తీసుకున్నారు. మార్చడం నా చేతిలో లేదు."

"మార్చడం నీ చేతిలో లేదు, వెల్లింగ్టన్ చేతిలో లేదు," అంది హసింతా. "కాలే చేతులు మాత్రం ఎవరివో మాకు తెలుసు."

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డచోట, చేప పులుసు అమ్మే బండి చుట్టూ అందరూ మూగారు. పులుసులో కర్రపెండలం ముక్కలు చల్లారిపోతున్నాయి. ముందు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

"గొప్పలకి పోయింది ఎవరు? తోమాసక్క కాదూ?"

"నువ్వు నవ్వలేదూ? పగలబడి నవ్వావు."

"ఇప్పుడు నవ్విన లెక్కలెందుకు. రేపటి నుంచి నిదానంగా చేద్దాం. మన అసలు జోరేంటో వాళ్ళకే తెలుస్తుంది."

"నిదానంగా చేస్తే ముందు ముసలాళ్ళని, కడుపుతో ఉన్నవాళ్ళని ఏరి పంపేస్తారు. జోరుగా చేసేవాళ్ళం మనం మిగులుతాం. అదా నువ్వు కోరేది?"

"గేటు బయట కూచుందాం అయితే."

"గేటు బయట ఇప్పటికే కూచున్నారు, పని లేనివాళ్ళు. మనం బయటికొస్తే వాళ్ళు లోపలికి పోతారు. వాళ్ళ ఆకలి వాళ్ళది."

సీలు యంత్రాల దగ్గర పనిచేసే సెగుందో పులుసు గిన్నె పక్కన పెట్టాడు. "మా యంత్రాలు ఆపుతాం మీ కోసం."

"ఆపినా ఏం కాదు అన్నా," అంది హసింతా. "మీ గీత వదులుగా ఉందన్నాడుగా. ఒక పూట మీరు ఆగినా రెండో పూట సర్దేసుకుంటారు. ఆ మూలకి ఆనింది రెండే అన్నాడు."

"చల్లగది, బల్లలు," అన్నారు ఎవరో.

"చల్లగదిలో ఎవరుంటారు?"

అందరూ కలిస్తో వైపు, అతని పక్కనున్న ఇంకో నలుగురు బండి మనుషుల వైపు తిరిగారు. కలిస్తో నోట్లో ముద్ద మింగాడు. అతను ఎప్పుడూ మీటింగులో మాట్లాడలేదు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి, బోర్డు మీద గీతల్లో సగం అతనికి అర్థం కాలేదు. అర్థమైంది మాత్రం గట్టిగా అర్థమైంది.

"చల్లారని బండి నేను బయటికి తియ్యను," అన్నాడు.

"నువ్వొక్కడివీ తియ్యకపోతే ఇంకొకడు తీస్తాడు మామా."

"ఎవడూ తియ్యడు," అన్నాడు అతని పక్కవాడు. మిగతా ముగ్గురూ తలూపారు.

"తీసినా మేం ముట్టుకోం," అంది తోమాసా. ఆ గొంతులో పొద్దుటి బింకం లేదు, వేరే బలం ఉంది. "వినండే. పని మానడం లేదు. బల్ల దగ్గరే ఉంటాం, కత్తి పక్కనే ఉంటుంది. చేప చల్లారితే చేస్తాం, చల్లారకపోతే చెయ్యం. ఒక్కటే మాట. వెల్లింగ్టన్ అడిగినా అదే, దేవుడు దిగొచ్చి అడిగినా అదే. ఎవరి పేరూ ముందుకి రాకూడదు."

బస్సు వచ్చింది. కిటికీల్లోంచి ఇంకా వాదులాట వినబడుతూనే ఉంది.

మర్నాడు మొదటి పొయ్యి తెరిచారు. కలిస్తో బండి తోసుకెళ్ళి తుంపర కింద పెట్టాడు. వెల్లింగ్టన్ చెయ్యి ఊపాడు, తియ్యమని. కలిస్తో చేతి వెనక వైపు చేపకి ఆనించాడు.

"ఇంకా వేడిగా ఉంది."

"నిన్ను అడిగానా?"

"ఇంకా వేడిగా ఉంది మేస్త్రీ."

రెండో బండి వచ్చి మొదటి దాని వెనక ఆగింది. మూడోది దాని వెనక ఆగింది. వెల్లింగ్టన్ తనే ఒక బండి పట్టుకుని లాగాడు. వంకర చక్రంతో అవస్థ పడి, చెమటలు కక్కుతూ బల్లల దాకా తెచ్చాడు. ఆడవాళ్ళు బల్లల ముందు నిలబడి ఉన్నారు. కత్తులు వరసగా పెట్టి ఉన్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు.

"మొదలుపెట్టండి."

"చల్లారనీ మేస్త్రీ."

"తోమాసక్కా, నీకు చెబుతున్నా."

"చల్లారనీ," అంది తోమాసా పక్కామె. "చల్లారనీ," అంది ఆ వరస చివర కడుపుతో ఉన్న పిల్ల.

చేప ఆపుకునే ఖాళీ ఎక్కడా వదలని ప్లాను అది. అందుకే ఎక్కడా సర్దుకోలేకపోయింది. చల్లగది నిండింది. పొయ్యిల్లో చేప ఉడికిపోయి, బయటికి తీసే చోటు లేక అక్కడే ఆగింది. పొయ్యిల బయట ఐసు కరిగిన పచ్చి చేప వరస కట్టింది. దాన్ని వెనక్కి పంపుదామంటే ఐసు గది నిండుగా ఉంది. రేవులో ఓడ కొత్త చేప దించుతోంది. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. చొక్కా బయటికి వచ్చేసింది.

"చేప కుళ్ళితే దాని పాపం మీదే."

"పచ్చి చేప మీద ఐసు వెయ్యమనండి అయ్యా, కుళ్ళదు," అంది హసింతా. ఆమెకి ఆ రోజు పని లేదు. అయినా గుడ్డలు కట్టిన చేతులతో వచ్చి తన బల్ల దగ్గర నిలబడింది. "ఉడికింది మేం చేస్తాం. ఇంకొంచెం ఆగాలంతే."

ఇబర్రా తలుపు దగ్గర నిలబడి చూశాడు. మేనేజరు అతని మీద విరుచుకుపడ్డాడు. "దీనికి నీ దగ్గర లెక్క ఉందా?"

"ఉంది సార్. పాత టైం వెయ్యాలి."

"అది కాక."

"అది కాక లేదు."

పోలీసుల్ని పిలిచారు. ఆడవాళ్ళ మీద చెయ్యి వెయ్యడానికి సార్జెంటు జంకాడు. అందులో ఒకామె అతని మేనత్త. చల్లగది తలుపుకి అడ్డంగా నిలబడ్డ ముసలాడు సులువుగా కనిపించాడు. కలిస్తో రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు.

"పేరు?"

చెప్పాడు.

"నిన్ను ఎవడు ఎగదోశాడు?"

కలిస్తో నోరు విప్పలేదు. ఆ విషయంలో అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు ఉంది. అతన్ని నడిపించుకు పోతుంటే వెనక్కి తిరిగి చూశాడు. తలుపు దగ్గర అతను నిలబడ్డ చోట అప్పుడే ఇంకొకడు నిలబడ్డాడు. సీలు యంత్రాల సెగుందో. వాడి పని అక్కడ కాదు. అయినా నిలబడ్డాడు.

పోలీసు బండి గేటు దాటింది గాని రోడ్డు ఎక్కలేదు. రెండో పూట వాళ్ళ బస్సులు అప్పుడే వచ్చాయి. ఆడవాళ్ళు దిగారు. లోపల ఏమైందో గేటు సందులోంచి ఎవరో అరిచి చెప్పారు. బండి వెనక జాలీలోంచి కలిస్తో మొహం వాళ్ళకి కనిపించింది. ఎవరూ చెప్పలేదు, ఒకామె వెళ్ళి బండి ముందు రోడ్డు మీద కూచుంది. ఆమె పక్కన ఇంకొకామె కూచుంది. తర్వాత రోడ్డు కనిపించలేదు, తలలే కనిపించాయి. పని కోసం గేటు బయట పడిగాపులు పడేవాళ్ళు దూరంగా నిలబడి చూశారు. వాళ్ళలో ఒకడు, తువ్వాలు తల మీద వేసుకుని, వచ్చి చివర కూచున్నాడు. తర్వాత ఇంకొందరు.

సార్జెంటు దిగాడు. "ఏంటమ్మా ఇది. లేవండి. పనికి పోండి."

"ఏం పని?" అంది ముందు కూచున్నామె. గిన్నె మూత తీసి వేరుశెనగ పొడి అద్దిన అరటికాయ ముక్క పక్కామెకి అందించింది. "లోపల చేప ఇంకా వేడిగా ఉందట."

"ముసలాణ్ణి తీసుకెళ్ళాలి, దారివ్వండి."

"ఆయన బండి తోస్తేనే మాకు చేప వస్తుంది. ఆయన్ని దింపండి, లేస్తాం."

సార్జెంటు ఎండలో నిలబడి ఆ తలలన్నిటినీ చూశాడు. సముద్రం వైపు నుంచి గాలి లేదు. వెనక, ఫ్యాక్టరీ లోపల, పొయ్యిల ఆవిరి ఒక్కొక్కటిగా ఆపేస్తున్నారు. ఆ బుస తగ్గిపోవడం రోడ్డు దాకా వినిపించింది. డ్రైవరు ఇంజను కట్టేశాడు.

కలిస్తో జాలీకి మొహం ఆనించాడు. ముందు కూచున్నామె గిన్నెతో లేచి వచ్చి, ఒక ముక్క లోపలికి తోసింది.

"తిను మామా. పొద్దుపోయేలా ఉంది."